మెదడులో రక్తస్రావం తర్వాత చెయ్యి వణుకు: బొటాక్స్ సూదా, మాత్రలా, ఆపరేషనా?

తలలో నరం చిట్లి ఆసుపత్రిలో పడ్డ మనిషి ఇంటికొస్తాడు. నెమ్మదిగా కాలూ చెయ్యీ స్వాధీనంలోకి వస్తుంటాయి. గండం గడిచిందనుకుంటున్న రోజుల్లో, రెండు మూడు నెలలకి, ఆ చెయ్యే వణకడం మొదలెడుతుంది. చోడి అంబలి గ్లాసు నోటిదాకా చేరేలోపు సగం ఒలికిపోతుంది, చొక్కా గుండీ పట్టదు. మళ్లీ స్ట్రోక్ వచ్చిందేమోనని ఇంట్లోవాళ్లకి టెన్షన్.

చాలాసార్లు అది కొత్త స్ట్రోక్ కాదు. మెదడు లోపలి భాగాలైన థాలమస్, మిడ్‌బ్రెయిన్, చిన్నమెదడు, వాటిని కలిపే నరాల దారులు దెబ్బతిన్నప్పుడు వణుకు ఆలస్యంగా బయటపడుతుంది. నాలుగు వారాలకే రావచ్చు, ఏడాది రెండేళ్లకీ రావచ్చు. అయితే ఉన్నట్టుండి మొదలై, దానితోపాటు మూతి వంకర, మాట తడబాటు, తీవ్రమైన తలనొప్పి, వాంతులు ఉంటే మాత్రం ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

ఇక నలుగురూ నాలుగు సలహాలు ఇస్తారు. ఒకరు బొటాక్స్ వేయించమంటారు, ఒకరు ఫలానా మాత్ర వాడితే తగ్గిందంటారు, పావురం రక్తం రాయమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. (పావురాన్ని వదిలేయండి. దానివల్ల వణుకు తగ్గదు.) ఏ వైద్యం మంచిదని అడిగే ముందు రెండు సంగతులు తేలాలి: అది ఏ రకం వణుకు, ఆ చేత్తో ముఖ్యంగా ఏ పని జరగాలి. ఈ రెండూ తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఏ వణుకో చూసుకోవడం

దీన్ని దాటేసి నేరుగా సూది దగ్గరికి వెళ్లేవాళ్లే ఎక్కువ. డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే.

చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నా వణుకుతూ, చాచితే పెరిగి, ఏదైనా పట్టుకోబోతే ఇంకా పెద్దదయ్యే వణుకు ఒకటుంది. ఊపు నెమ్మదిగా ఉంటుంది, సెకనుకి నాలుగైదుకి మించదు. ఒక్క మణికట్టే కాకుండా మోచెయ్యి, భుజం కూడా ఊగుతాయి. 1904లో దీన్ని వర్ణించిన గోర్డన్ హోమ్స్ పేరు మీదే హోమ్స్ ట్రెమర్ అంటున్నారు. రెండో రకంలో చెయ్యి ఊరికే ఉన్నప్పుడు కుదురుగానే ఉంటుంది. గ్లాసు దగ్గరికి పోయేకొద్దీ ఊపు పెరుగుతుంది. ఇది చిన్నమెదడు తాలూకుది. మూడో రకంలో చెయ్యి ఒక పక్కకి మెలి తిరిగి ఉంటుంది, ఆ మెలికతోపాటే వణుకు. దాన్ని డిస్టోనియా వణుకు అంటారు.

నాలుగోది అసలు వణుకే కాదు. పిడికిలి బిగుసుకుపోయి, మోచెయ్యి ముడుచుకుపోయి, ఎవరైనా మణికట్టుని గబుక్కున వెనక్కి వంచితే టకటకమని ఎగిరే చెయ్యి అది. దీన్ని స్పాస్టిసిటీ అంటారు, ఆ ఎగురుడుని క్లోనస్ అంటారు. ఇంట్లో అందరూ దీన్నీ వణుకనే చెప్తారు. డాక్టరు దగ్గర కూడా "చెయ్యి వణుకుతోందండి" అనేసి ఊరుకుంటే, రద్దీగా ఉన్న ఓపీలో ఆ మాటకే మందు రాసేస్తారు. బొటులినమ్ సూదికి, అంటే బొటాక్స్‌కి, అన్నింటికన్నా బలమైన ఆధారం ఉన్నది ఈ నాలుగోదానికే కాబట్టి ఈ తేడా పట్టుకోవడం చాలా ముఖ్యం.

మీ వంతుగా ఫోన్‌లో వీడియో తియ్యండి. చేతులు ఒళ్లో పెట్టించి వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమనండి, ధ్యాస మళ్లితే దాగిన వణుకు బయటపడుతుంది. తర్వాత రెండు చేతులూ ముందుకి చాపించండి. వేలితో ముక్కునీ, ఎదుట ఉన్న మీ వేలినీ మార్చిమార్చి తాకమనండి. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పొయ్యమనండి. కాగితం మీద సుడి గీయించి, పేరు రాయించి తేదీ వెయ్యండి. ఇదంతా ఐదు నిమిషాల పని. మందు మొదలెట్టాక మళ్లీ ఇలాగే తీస్తే గుణం కనిపించిందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో తనిఖీ మందుల సంచీ. రక్తస్రావం తర్వాత ఫిట్స్ రాకుండా ఇచ్చే మాత్రల్లో వాల్‌ప్రోయేట్ ఉంటే, అదే వణుకు తెప్పించగలదు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్, డెరిఫిలిన్‌లూ అంతే. తల తిరుగుడుకి రాసే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ నెలల తరబడి మింగితే పార్కిన్సన్ లాంటి వణుకు వస్తుంది, పెద్దవాళ్లలో మరీను. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణుకుతాయి. ఇలాంటి కారణం దొరికితే మందు మార్చడంతోనే పని అయిపోవచ్చు. మార్చాల్సింది మాత్రం డాక్టరే. ఫిట్స్ మాత్ర మీ అంతట మీరు ఆపితే ప్రమాదం.

ఉద్దానం వైపు వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస, మందస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో కొత్తగా చెప్పక్కర్లేదు. కిడ్నీ చెడితే బీపీ పెరుగుతుంది, ఆ బీపీయే తలలో నరం చిట్లడానికి దారి తీస్తుంది. అలాంటి మనిషికి చెయ్యి రెక్క కొట్టుకున్నట్టు జారిజారి పడుతుంటే అది రక్తంలో మలినాలు పేరుకోవడం వల్ల కావచ్చు. బిగుతు తగ్గడానికి ఇచ్చే బాక్లోఫెన్, నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ కూడా కిడ్నీలు పనిచెయ్యని ఒంట్లో పేరుకుపోయి మత్తు, అయోమయం, కుదుపులు తెస్తాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూపించకుండా ఏ మాత్రా రాయించుకోవద్దు.

బొటులినమ్ సూది: ఏం చేస్తుంది, ఏం చెయ్యలేదు

సినిమావాళ్లు ముడతలకి వేయించుకునేదేగా అంటారు. అవును, అదే మందు. క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా తయారుచేసే విషాన్ని అతి చిన్న మోతాదులో కండరంలోకి ఎక్కిస్తారు. నరం చివర నుంచి కండరానికి ఆజ్ఞ మోసే ఎసిటైల్‌కొలిన్ విడుదల కాకుండా అది అడ్డుపడుతుంది, కండరం సడలుతుంది. స్విచ్ ఆపడంలా ఉండదు, ఫ్యాను రెగ్యులేటరు తగ్గించినట్టు ఉంటుంది. తగ్గేది వణుకు ఒక్కటే కాదు, బలం కూడా. ఈ సూది లాభమూ నష్టమూ రెండూ ఆ ఒక్క సంగతిలోనే ఉన్నాయి.

అమెరికాలో దీనికి మొదటి అనుమతి 1989లో, మెల్లకన్నుకీ కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకీ. స్ట్రోక్ తర్వాత మణికట్టు, వేళ్ల బిగుతుకి పనిచేస్తుందని 2002లో 126 మంది మీద జరిగిన పరిశోధన చూపించింది, 2010లో చేతి స్పాస్టిసిటీకి అనుమతి వచ్చింది. చేతి వణుకు మాత్రం అక్కడి అనుమతుల్లో లేదు. డాక్టర్లు తమ అనుభవం మీద వేస్తారు. అందులో తప్పేమీ లేదు, కాకపోతే ఆ సంగతి మీకు ముందే తెలియాలి.

వణుకు మీద ఉన్న పెద్ద పరిశోధనలు ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే జబ్బు మీద జరిగినవి. వాటి నుంచి నేర్చుకోవలసింది ఉంది: చెయ్యి చాచి పట్టుకున్నప్పటి వణుకు బాగానే తగ్గింది, పని చేసేటప్పటి వణుకు అంతగా తగ్గలేదు, చాలామందికి వేళ్ల పట్టు సడలింది. రక్తస్రావం తర్వాతి వణుకు విషయంలో ఉన్నవి ఎక్కువగా ఒక్కొక్క రోగి వివరాలు, చిన్నచిన్న గుంపుల అనుభవాలే. కాబట్టి ఎవరైనా "గ్యారంటీగా తగ్గిపోతుంది" అంటే ఆ చోటు నుంచి లేచి వచ్చెయ్యండి.

సూది వేశాక మూడు నుంచి ఏడు రోజుల్లో మార్పు మొదలవుతుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో పూర్తి గుణం తెలుస్తుంది, సుమారు మూడు నెలలకి అరిగిపోతుంది. పన్నెండు వారాలలోపు మళ్లీ వెయ్యరు. తొందరపడి వేస్తే ఒంట్లో దానికి విరుగుడు తయారై ఆ తర్వాత సూది పనిచెయ్యకుండా పోవచ్చు. అంటే ఏడాదికి నాలుగుసార్లు. ఖర్చు లెక్క వేసేటప్పుడు ఒక్క సూది ధర చూసి ఊరుకోకండి. నాలుగుసార్ల మందు, సూది వేసే ఫీజు, దారి ఖర్చు, తోడు వెళ్లే మనిషి కూలి కలిపి చూడండి.

ముంజేతిలో మణికట్టుని కదిపే కండరాలు, వేళ్లని కదిపే కండరాలు ఒకదాని పక్కన ఒకటి, పొరలుగా ఉంటాయి. సూది అర అంగుళం పక్కకి పోతే మణికట్టు బదులు వేలు వాలిపోతుంది. అందుకే కండరంలోని కరెంటు సంకేతాలు చూపే ఈఎంజీ మిషన్‌తో గానీ అల్ట్రాసౌండ్‌తో గానీ చూసి వేసే చోటే మేలని నా గట్టి అభిప్రాయం. ఏ కండరం వణుకుతోందో ముందు పరీక్షించి, తక్కువ మోతాదుతో మొదలెట్టి, నెల తర్వాత వీడియో చూసి రెండోసారికి సర్దేవాళ్లు నిదానంగా వెళ్తున్నట్టు అనిపిస్తారు గానీ నమ్మదగినవాళ్లు వాళ్లే.

బ్రాండ్ల విషయంలో ఒక మోసపోయే చోటుంది. బొటాక్స్ యూనిట్లు, డిస్‌పోర్ట్ యూనిట్లు ఒకటి కావు, ఒకదాని లెక్క ఇంకోదానికి పెట్టకూడదు. ఏ బ్రాండు, ఎన్ని యూనిట్లు, ఏ కండరంలో అన్నది చీటీ మీద రాయించుకోండి. వయల్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట కొని తెమ్మంటే ఐస్ బాక్సులోనే తేవాలి, మే నెలలో బస్సు కిటికీ పక్కన చేతిసంచీలో కాదు.

కండరాలు త్వరగా నీరసపడే మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బు ఉన్నవాళ్లకి ఇది మంచిది కాదు. మింగడం ఇప్పటికే కష్టంగా ఉంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే, అమికసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నడుస్తుంటే ముందే చెప్పాలి.

మాత్రలు

మాత్రతో మొదలెట్టడంలో సౌకర్యం ఉంది: ఖర్చు తక్కువ, పనిచెయ్యకపోతే ఆపొచ్చు. హోమ్స్ ట్రెమర్‌లో లెవోడోపా, అంటే మన మందుల షాపుల్లో సిండోపా పేరుతో దొరికేది, కొందరికి మంచి గుణం ఇస్తుంది. మెల్లగా మోతాదు పెంచుతూ కొన్ని వారాలు చూడాలి. మూడు రోజులు మింగి వికారంగా ఉందని ఆపేస్తే అది ప్రయత్నం కింద లెక్కకి రాదు. ఈ రకం వణుకుకి సూది కన్నా ముందు దీన్ని చూసి తీరాలని నేనంటాను.

ప్రొప్రనొలాల్ చిన్న వణుకులకి పేరున్న మందు. ఆస్తమా ఉంటే వద్దు, నాడి నెమ్మదిగా ఉన్నవాళ్లకి వద్దు, షుగరు మాత్రలు వాడేవాళ్లలో షుగరు పడిపోయిన సంగతి తెలియకుండా కప్పేస్తుంది. క్లొనాజెపామ్ మగత తెస్తుంది, తూలి పడే భయముంది. ట్రైహెక్సీఫెనిడిల్, పాసిటేన్ అంటే గుర్తుపడతారు, పడుచువాళ్లకి పర్వాలేదు గానీ అరవై దాటినవాళ్లలో మతిమరుపు, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం తెస్తుంది. చిన్నమెదడు వణుకుకి ఏ మాత్రా గొప్పగా పనిచెయ్యదు. ప్రొప్రనొలాల్, క్లొనాజెపామ్ రెండూ ఒక్కసారిగా ఆపకూడదు.

వీటన్నింటి కన్నా ముఖ్యమైన మాత్ర బీపీదే. 130/80 లోపు ఉంచమంటారు. చెయ్యి కుదురుగా ఉందని బీపీ మాత్ర మానేసి రెండో రక్తస్రావం తెచ్చుకుంటే ఈ పోలికంతా దండగ.

చెయ్యి అలాగే ఉన్నా పని జరిగే దారి

దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు. నా లెక్కలో చిన్నమెదడు వణుకు ఉన్నవాళ్లకి మొదట దక్కాల్సింది ఇదే. మోచెయ్యి బల్ల మీద ఆనించి, పళ్లెం నోటికి దగ్గరగా ఎత్తు పీట మీద పెడితే ఊగే కీళ్లు తగ్గుతాయి, వణుకు దానంతటదే చిన్నదవుతుంది. మణికట్టుకి చిన్న బరువు పట్టీ కట్టి చూడొచ్చు, కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి చెయ్యి అలిసి ఇంకా ఊగుతుంది. గ్లాసు సగమే నింపి మూతా స్ట్రా పెట్టండి. అంచు ఉన్న లోతు పళ్లెం, కింద తడి గుడ్డ. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చెయ్యండి. చేత్తో కలుపుకు తినడం మానాల్సి వచ్చిందని మనసు కష్టపడేవాళ్లకి ముద్దలు గట్టిగా చేసి పెడితే చాలా మటుకు తినగలరు.

సంతకం కుదరక బ్యాంకులో ఇబ్బంది పడేవాళ్లు ఒకటి తెలుసుకోండి. సంతకం పెట్టలేని రోగుల వేలిముద్రతో డబ్బు తీసుకోనివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు మనిషి అయి ఉండాలి. చెయ్యి ఎంతకీ పనికి రాకపోతే వైకల్యం శాతం తేల్చే సదరం పరీక్షకి వెళ్లండి. వికలాంగ పింఛనుకి 40 శాతం వైకల్యం ఉండాలి.

తలలో ఆపరేషన్

డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అంటే మెదడులోకి సన్నని తీగ పంపి ఛాతీలో బ్యాటరీ అమర్చడం. ఖర్చు లక్షల్లో. రక్తస్రావంతో మచ్చపడ్డ మెదడులో ఫలితం పార్కిన్సన్ రోగుల్లో ఉన్నంత నమ్మకంగా ఉండదు, పైగా ఒకసారి రక్తం కారిన తలలో మళ్లీ తీగ దింపే ప్రమాదం వేరు. మాత్రలు, సూది, సాధన అన్నీ విఫలమై, చెయ్యి బలంగానే ఉండి వణుకొక్కటే మనిషిని మంచాన పడేస్తున్నప్పుడే దీని మాట ఎత్తాలి.

మరి ఎవరికి ఏది

పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటూ, కడగడానికి కూడా విప్పలేకపోతుంటే మొహమాటం లేకుండా సూదికే వెళ్లండి. బిగుతు వదిలాక వ్యాయామం చేయిస్తే రెట్టింపు లాభం. సూది వేయించి ఫిజియోథెరపీ మానేసేవాళ్లు సగం డబ్బు పారేసుకున్నట్టే. మెలికతో కూడిన వణుకుకీ సూది మంచి ఎంపికే, మణికట్టు దగ్గర ఒకటి రెండు కండరాలే ఊగుతుంటే మరీను.

భుజం నుంచి చెయ్యంతా ఊగేవాళ్లకి సూది మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అన్ని కండరాలకీ వేస్తే చెయ్యే లేవదు. అక్కడ లెవోడోపా ప్రయత్నం, తర్వాత బరువులూ పీటలూ. పట్టు ఇప్పటికే సగం పోయినవాళ్లకి కూడా సూది వద్దనే చెప్తాను. వణుకుతూనైనా కర్ర పట్టుకుని నడిచే మనిషి, వణుకు తగ్గి కర్ర జారిపోతే పడిపోతాడు.

పనిని బట్టి కూడా మారుతుంది. పొందూరులో సన్న నూలు వడికే ఆవిడకి బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టే జీవనం. ఆ వేళ్లలో ఏ కొంచెం బలం తగ్గినా నూలు తెగుతుంది. పలాసలో జీడిపప్పు పొట్టు తీసేవాళ్లదీ అదే సమస్య. అదే రిటైరైన మాస్టారికి కావల్సింది కాఫీ కప్పు ఒలకకుండా పట్టుకోవడం, నలుగురిలో చెయ్యి ఊగకుండా ఉండడం అయితే, కాస్త పట్టు సడలినా ఆయనకి సూది లాభమే. డాక్టరు దగ్గర "వణుకు తగ్గాలి" అని ఊరుకోకుండా "డాక్టరు గారూ, నాన్న తన చేత్తో తను అన్నం తినాలి, అది ముఖ్యం" అని చెప్పండి. ఏ కండరానికి ఎంత వెయ్యాలో ఆయన ఆ మాటని బట్టే తేలుస్తారు.

మన జిల్లాల నుంచి వెళ్లేవాళ్లకి

స్కాన్, రక్త పరీక్షలు, ఫిజియోథెరపీ శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలోనో విజయనగరంలోనో కానిచ్చుకుని, న్యూరాలజీ సలహాకి విశాఖ కేజీహెచ్ ఓపీకి వెళ్లడం మామూలు దారి. ఇచ్ఛాపురం వాళ్లకి బరంపురం దగ్గర. బయల్దేరే ముందు ఫోన్ చేసి అడగాల్సినవి: బొటులినమ్ సూదులు ఏ రోజున వేస్తారు, ఈఎంజీ లేదా అల్ట్రాసౌండ్ చూసి వేస్తారా, మందు అక్కడే ఉంటుందా. ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందా రాదా అన్నది ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్రని ముందే అడగండి, బిల్లు కట్టాక కాదు. పాత స్కాన్ రిపోర్టు ఒక్కటే సరిపోదు, ఫిల్మో సీడీయో కూడా పట్టుకెళ్లండి. రక్తం ఎక్కడ కారిందో చూస్తే వణుకు రకం తేల్చడం సులువు.

సూది వేయించుకుని ఇంటికొచ్చాక చేతిలో కొంచెం నొప్పి, కమిలిన మచ్చ, ఒకటి రెండు వేళ్లు బలహీనపడడం ఉంటే కంగారుపడక్కర్లేదు, ఆ బలం వారాల్లో తిరిగొస్తుంది. మింగడం కష్టమైనా, మాట మారినా, రెప్పలు వాలినా, ఊపిరి అందకపోయినా అది రోజుల తర్వాత వచ్చినా సరే, మళ్లీ సూది వేయించుకునే తేదీదాకా ఆగకుండా దగ్గరున్న పెద్దాసుపత్రికి వెళ్లి, బొటులినమ్ వేయించుకున్నామని చెప్పి ఆ చీటీ చూపించండి.